ఒంటరి నావికుని పగ్గములు



ఎడ్లబండి తోలువాడు తొట్టిముందు కూర్చుండియే రెండెడ్లను నడపును. పగ్గములు రెండును అతని చేతిలోనే యుండును. ఎద్దు బెదరినప్పుడెల్ల బండి దిగి, కాడియొద్దకు పరుగెత్తి, అచ్చట కట్టియున్న పగ్గమును విప్పి లాగవలసిన ఏర్పాటున్నచో ఆ బండిని ఎవరైన ఎక్కుదురా? దానిని చేసిన వడ్రంగిని చూచి ఊరంతయు నవ్వును. కాని సముద్రముమీద తిరుగు చిన్న తెరచాప పడవలలో పెక్కింటి ఏర్పాటు చాలకాలము ఇట్టిదిగానే యుండెను. చుక్కాని వెనుక, త్రాళ్ళు ముందు. గాలి మితిమీరినప్పుడు, అనగా కాలు నిలువని ఆ సమయముననే, నావికుడు తానున్న చోటు విడిచి, తడిసిన బల్లలమీద ప్రాకుచు స్తంభమునొద్దకు పోయి, అచ్చట రెండు చేతులతో పనిచేయవలసి యుండెను. ఈ లోపమును కొందరు ఎట్లు సవరించిరో, ఆ సవరణకు ఏమి వెల యిచ్చిరో నేడు మీకు మనవి చేయదలచితిని.

గోదావరి కాలువలమీద తెరచాప పడవలు సరకు మోసిన దినములు మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. ఆ పడవలలో ముగ్గురో నలుగురో పనివాండ్రుండెడివారు. ఒకడు చుక్కాని పట్టియుండగా మిగిలినవారు తెరచాప చూచుకొనెడివారు. గాలి లేనిచో గట్టెక్కి త్రాటితో లాగుకొని పోయెడివారు. గాలి హెచ్చైనచో పడవను గట్టుననే కట్టివేసి వంట చేసికొనెడివారు. నలుగురున్నచోట త్రాడు ఎచ్చట కట్టినను చిక్కులేదు. గట్టు దగ్గరనున్నచోట భయము లేదు. మనుష్యుడొక్కడు, గట్టు వేయి మైళ్ళు - ఈ రెండును కూడినప్పుడు మాత్రము త్రాడు ఎచ్చట కట్టవలెనను ప్రశ్న ప్రాణములతో ముడిపడును.

ఇంగ్లండులోను అమెరికాలోను 20, 25 అడుగుల పడవలలో ఉల్లాసమునకై సముద్రముమీదికి పోవు అలవాటు నూరేండ్లకు పైబడి యున్నది. అట్టి పడవ స్వరూపమును ముందుగా చెప్పెదను. నడుమకు కొంచెము ముందుగా ఎత్తైన స్తంభమొకటి యుండును. అది కూలకుండ ముందునకును, వెనుకకును, ప్రక్కలకును ఇనుపతీగల మోకులు బిగించియుందురు. స్తంభమునకు వెనుక త్రికోణాకారమైన పెద్ద తెరచాప, దాని అడుగంచునకు ఒక అడ్డుకర్ర. స్తంభమునకు ముందు మరియొక చిన్న త్రికోణము. తెరచాపలను పైకెత్తు త్రాళ్ళు స్తంభము కొననున్న కప్పీలమీదుగా దిగివచ్చి స్తంభము మొదటనే చుట్టబడి యుండును. గాలి వాటమును బట్టి తెరచాపను లోనికి లాగుటకును, బయటికి వదలుటకును పనికివచ్చు దిద్దుత్రాళ్ళు మాత్రము వెనుక కూర్చున్నవాని చేతికి వచ్చును. ఆ కూర్చుండు చోటు పడవ వెనుకభాగమున పల్లముగ గుంటవలె నుండును; ఆంగ్లేయులు దానిని కాక్‌పిట్టు అందురు. బండి మాటలో చెప్పినచో, పగ్గములలో సగము బండివాని చేతిలోను, సగము కాడియొద్దను ఉన్నవన్నమాట.

గాలి బలమునకు ఒక లెక్క కలదు. గంటకు 10 మైళ్ళు వీచు గాలి 20 మైళ్ళు వీచినచో తెరచాపమీది త్రోపు రెండింతలు కాదు, నాలుగింతలగును. 30 మైళ్ళైనచో తొమ్మిదింతలు. కావున గాలి హెచ్చిన కొలది తెరచాపను కుదింపక తప్పదు. పాతరీతి పడవలో దానిని కుదించు క్రమము వినుడు. చుక్కానిని ఎట్లో ఒకరీతిగా కట్టివేసి, నావికుడు ముందునకు పోవలెను. ఎత్తుత్రాటిని కొంత వదలి, తెరచాప ముందంచునందున్న కంటిని ఒక కొక్కెమునకు తగిలింపవలెను. పిమ్మట వెనుకంచును అడ్డుకర్రకు బిగించి కట్టవలెను. క్రిందికి జారి వ్రేలాడు గుడ్డను చుట్టి, వరుసగా చిన్న ముడులు వేయవలెను. మరల ఎత్తుత్రాటిని లాగి బిగింపవలెను. పడవ ఒకప్రక్కకు ఒరిగియుండగా, అలలు పైకెక్కి పారుచుండగా, తరచు చీకటిలో, తరచు నిద్రలేని కన్నులతో ఇదంతయు జరుగవలెను. కాలుజారి నీటిలో పడినచో పడవ అతనికొరకు నిలువదు. యజమాని లేకయే తెరచాప నిండించుకొని సాగిపోవును. దానిని ఈది అందుకొనుట మనుష్యునివలన కాదు.

ఈ ప్రమాదమును ఎల్లరు నెరుగుదురు. దీనికంటె నెమ్మదియైన ప్రమాదము మరియొకటి కలదు. దానినే నేను ముఖ్యముగ నెంచుచున్నాను. పని కష్టమైనదైనచో మనుష్యుడు దానిని వాయిదా వేయును. ఆకాశము నల్లబడినది, తెరచాపను కుదింపవలెనని బుద్ధికి తెలియును. కాని ముందునకు పోవుట తలచుకొన్నంత ఒళ్ళు బరువెక్కును. ఇంకొక పావుగంట చూతమనును. ఆ పావుగంటలో 15 మైళ్ళ గాలి 30 మైళ్ళగును. అనగా త్రోపు నాలుగింతలైన పిమ్మట అతడు లేచును. వర్షమునకు ముందు ఇల్లు కప్పనివాడు వర్షములో నిచ్చెన ఎక్కినట్లు. కావున కూర్చున్నచోటనుండియే తెరచాపను కుదించు ఏర్పాటున్నచో దాని లాభము సుఖమొక్కటియే కాదు. పని తేలికైనందున అది సకాలమున జరుగును.

ఇక సవరణలు. మొదటిది ఎవరికైనను తోచునదే: స్తంభము మొదట ముగియు త్రాళ్ళను అచ్చట కప్పీలలో మలచి, పైకప్పుమీదుగా వెనుకకు తెచ్చి, కూర్చుండువాని చేతికందునట్లు కట్టుట. నేడు అమ్మకమునకు వచ్చు చిన్న పడవలలో చాలవాటికి ఈ ఏర్పాటు ఉన్నది. పాత పడవలకును దీనిని అమర్చుకొనువారు కలరు. చూచుటకు ఇది ఒక మధ్యాహ్నపు పనివలె కన్పించును. కాని ఇందులో రెండు చిక్కులున్నవి; వానిని ఎరుగనివాడు పడవను బాగుచేయబోయి చెరచుకొనును.

మొదటి చిక్కు నూతి గిలక తెలిసినవారికి సులభముగ తెలియును. గిలకమీదుగా 100 పౌనుల బరువును తోడుచు త్రాటిని తిన్నగా క్రిందికి లాగినప్పుడు, దూలముమీద పడు భారము 100 కాదు, 200 పౌనులు. బరువువైపు 100, మన చేతివైపు 100. అదే త్రాటిని క్రిందికి కాక సమముగా ప్రక్కకు లాగినచో దూలము సుమారు 140 పౌనులకు ఓర్వవలెను. స్తంభము మొదట మలచు కప్పీ పని ఈ రెండవ విధమైనదే. త్రాడు పైనుండి దిగి వెనుకకు తిరుగును. కప్పీని పైకిని వెనుకకును కలిపి లాగును. ఆ కప్పీని పైబల్లలకు రెండు మరమేకులతో బిగించి ఊరకున్నచో, గట్టిగాలిలో బల్లలే పైకి లేచి అతుకులు విచ్చును, నీరు కారును. స్తంభము బల్లలగుండ దిగి పడవ వెన్నుదూలముమీద నిలుచు రకమైనచో ఈ చేటు మరింత హెచ్చు. ఏలయన అచ్చట బల్లలను క్రిందికి అదిమిపట్టునది ఏమియు లేదు. కప్పీలను స్తంభమునకే కట్టవలెను, లేదా బల్లలకును స్తంభము మొదలునకును నడుమ ఇనుపకడ్డీ బిగింపవలెను.

రెండవ చిక్కు రాపిడి. మంచి కప్పీయైనను ప్రతి మలుపునను కొంత బలమును తినివేయును. ఒక్కొక్కటి పదియవ వంతు తినుననుకొనుడు. నాలుగు మలుపులు తిరుగునప్పటికి 100 పాళ్ళ బలములో 66 పాళ్ళు కూడ మిగులవు. లాగునప్పుడు ఈ నష్టమును కండబలముతోనో, చిన్న మరచక్రముతోనో పూడ్చుకొనవచ్చును. దింపునప్పుడో? తెరచాప తన బరువుచేతనే జారి దిగవలెను. దానిని వెనుకనుండి త్రోయువారు లేరు. రాపిడి హెచ్చైనచో త్రాటిని వదలినను తెరచాప సగములో నిలిచిపోవును. అప్పుడు నావికుడు మరల స్తంభమునొద్దకు పోవలసినదే, ఇంతకుముందుకంటె ఆలస్యముగా. అందుచేత కప్పీల చక్రములు పెద్దవిగాను, మలుపులు తక్కువగాను ఉండవలెను. తెరచాప ముందంచును, వెనుకంచును ఒక్క త్రాటితోనే దించు పద్ధతి ఒకటి కలదు. చేతికి వచ్చు త్రాళ్ళ సంఖ్య తగ్గునని దానిని మెచ్చుకొందురు. నాకు అది నచ్చలేదు. ఒక్క త్రాడు తిరుగవలసిన మలుపులన్నియు చేరి అది ఎక్కడో ఒకచోట పట్టుకొనును. రెండంచులకు రెండు త్రాళ్ళుండుటయే మేలు. వేరువేరు రంగుల త్రాళ్ళు పెట్టుకొన్నచో ఏది దేనిదో వెదకుకొనుటయు ఉండదు.

ముందున్న చిన్న తెరచాపకు ఇంకను తేలికైన ఉపాయమున్నది. దాని పైకొనకు సన్నని త్రాడొకటి కట్టి, పడవ ముక్కునందలి కప్పీగుండ వెనుకకు తెచ్చినచో, ఎత్తుత్రాటిని వదలి దీనిని లాగుటతోనే ఆ తెరచాప క్రిందికి వచ్చి పడును. ఖర్చు ఒక కప్పీ, పడవ పొడవునకు ఒకటిన్నర రెట్లు త్రాడు. ముక్కుకొనకు పోయి అలలలో మునుగుచు గుడ్డను పెరుకుకొను పని తప్పును. తెరచాపను చాపవలె దాని తీగకే చుట్టివేయు యంత్రములును ఇరువదవ శతాబ్దము ఆరంభము నుండి ఉన్నవి. అవి చక్కగా పనిచేయునంతకాలము చక్కనివే. గాలివానలో చుట్ట విడిపోయినచోనో, చక్రము చిక్కుకొనినచోనో, దానిని సరిచేయు చోటు పడవలో అన్నిటికంటె చెడ్డ చోటైన ముక్కుకొనయే.

ఇంతవరకు చెప్పినది పాత బండికి పగ్గములు పొడిగించుట. ఎడ్లను కట్టు పద్ధతినే మార్చినవారును కలరు.

చీనాదేశపు నదులమీదను తీరములందును శతాబ్దములుగా వాడుకలోనున్న తెరచాప వేరొక జాతిది. వసారాకు కట్టు వెదురుతెరను మీరెరుగుదురు. అడ్డముగా వెదురుబద్దలు, నడుమ అల్లిక. చీనావారి తెరచాప చూపునకు ఇంచుమించు అట్లే యుండును. పైన ఒక బరువైన కర్ర, అడుగున ఒకటి, నడుమ అడ్డముగా కొన్ని బద్దలు. రెండు బద్దల నడిమి గుడ్డ ఒక మడత. ఎత్తుత్రాటిని వదలినచో పైకర్రయు బద్దలును తమ బరువుచేతనే దిగివచ్చి, విసనకర్ర ముడుచుకొన్నట్లు మడతమీద మడతగా అడుగుకర్రమీద పడును. తెరచాపకు ఇరుప్రక్కల కట్టిన ఉయ్యాలవంటి త్రాళ్ళు ఆ మడతలను చెదరనీయక పట్టుకొనును. కుదించుటకు ముడులు లేవు, కొక్కెములు లేవు. ఒక మడతంత త్రాడు వదలినచో ఒక మడత తగ్గినది. మరల లాగినచో మరల పెరిగినది.

ఇందు ఇంకొక విశేషమున్నది. ప్రతి బద్ద వెనుకకొనకు ఒక చిన్న త్రాడు కట్టి, ఆ చిన్న త్రాళ్ళనన్నిటిని కప్పీల ద్వారా కలిపి ఒకే దిద్దుత్రాడుగా నావికుని చేతికి తెత్తురు. గాలి భారమంతయు ఒక్క మూలమీద పడక అన్ని బద్దలకును పంచబడును. గుడ్డ పలుచనిదైనను చాలును. ఒక మడత చినిగినను చినుగు బద్దను దాటి పోదు. స్తంభమునకు తీగల మోకులు లేకుండుటచే తెరచాప ఎటువైపునకైనను అడ్డులేక తిరుగును. కావున ఏ దిక్కునుండి గాలి వీచుచున్నను, దిద్దుత్రాటిని వదలినంతనే తెరచాప జెండావలె గాలివాలునకు తిరిగి బలము కోల్పోవును. పాతరీతి పడవలో వెనుకగాలి వీచునప్పుడు ఇది సాధ్యము కాదు. అడ్డుకర్ర ప్రక్కమోకులకు తగులుకొనును.

ఈ గుణమును గుర్తెరిగిన పాశ్చాత్య నావికులలో జాషువా స్లోకమ్ ఒకడు. కెనడాలో పుట్టి అమెరికా ఓడలకు అధిపతియై చీనా సముద్రములలో తిరిగినవాడు. 1887 చివర అతని ఓడ బ్రెజిలు తీరమున ఇసుకతిన్నెకెక్కి పాడైనది. భార్యతోను ఇద్దరు కొడుకులతోను అచ్చట చిక్కుకొని, 35 అడుగుల పడవను తానే కట్టెను. 1888 మే 13వ తేదీన, బ్రెజిలులో బానిసత్వము రద్దైన దినముననే, దానిని నీటిలోనికి దింపి, స్వేచ్ఛ అను అర్థముగల లిబర్డాడె అను పేరు పెట్టెను. దానికతడు పెట్టినది చీనావారి రీతి తెరచాపయే. కారణము స్పష్టము, ఓడ పనివాండ్రు లేరు, పడవలోనున్నది సంసారము. అయిదువేల మైళ్ళకు పైగా సముద్రము దాటి ఆ కుటుంబము అమెరికా చేరెను. ఇతడే 1895 నుండి 1898 వరకు స్ప్రే అను పడవలో ఒంటరిగా భూమిని చుట్టివచ్చినవాడు. ఆ పడవ తెరచాప పాతరీతిదే గాని, దారిలో బ్యూనస్ ఎయిర్సు నగరమున స్తంభమును 7 అడుగులు కోసివేసెను. వేగము పోవునని చింతింపలేదు. ఒక్కని చేతికి లొంగు తెరచాపయే తనకు కావలెనని ఎంచెను.

ఈ యోచనను తుదివరకు సాగించినవాడు హెర్బర్టు హాస్లరు అను ఆంగ్లేయుడు. 1914లో పుట్టి నౌకాదళపు సైనికుడైనవాడు. 1942 డిసెంబరులో, యుద్ధకాలమున, పదిమంది అయిదు చిన్న తెడ్డుపడవలలో ఫ్రాన్సుతీరమున దిగి, నదివెంట రాత్రులందు ప్రయాణము చేసి, బోర్డో రేవునందున్న శత్రునౌకలకు ప్రేలుడు మందులు అంటించిన కథ మీలో కొందరు వినియుందురు. ఆ పదిమందిలో తిరిగివచ్చినవారిద్దరు. అందు నాయకుడైన హాస్లరు ఒకడు. తెడ్డుపడవలో మోకాళ్ళు ముడుచుకొని అన్నిరాత్రులు గడపిన మనుష్యునికి పడవలో చేయి ఎంతదూరము చాచవలెనో, ఎంత చాపకూడదో ఒకరు నేర్పనక్కరలేదు.

అతడు 1953లో 25 అడుగుల పడవను కట్టించి దానికి జెస్టర్, అనగా విదూషకుడు, అని పేరు పెట్టెను. తెరచాపల విషయమున మొదట వేరొక పద్ధతిని కొన్నియేండ్లు పరీక్షించి విడిచిపెట్టెను. పిమ్మట చీనావారి తెరచాపను ఒక్కటి మాత్రము, మోకులులేని ఒక్క స్తంభముమీద అమర్చెను. అంతటితో ఆగలేదు. వెనుకనున్న గుంట వంటి కూర్చుండు చోటును కూడ బల్లలతో మూసివేసెను. పడవ నడుమ పైకప్పున గుండ్రని ద్వారమొకటి పెట్టి, త్రాళ్ళనన్నిటిని దాని అంచునొద్దకు తెచ్చెను. ద్వారముపైన గూడుబండి కప్పువంటి మడత కప్పు. నావికుడు లోపల నిలిచి నడుమువరకు పైకి వచ్చినచో ఎత్తుత్రాడు, దిద్దుత్రాడు, అన్నియు చేతికందును. వాన పడినచో తలను లోనికి తీసికొనును. తెరచాపను ఎత్తుటకు గాని, కుదించుటకు గాని, పూర్తిగా దించుటకు గాని పైబల్లలమీద కాలుపెట్టనక్కరలేదు. చుక్కానిని పట్టుటకు గాలిచే తిరుగు రెక్కయొకటి ఏర్పరచెను. గాలి వాటమును బట్టి అదియే పడవను దారిలో నుంచును.

ఈ ఏర్పాటు నిలుచునా యని పరీక్షించుటకు రేవు చుట్టు తిరుగుట చాలదు. ఒంటరిగా అట్లాంటిక్ సముద్రమును తూర్పునుండి పడమటికి, అనగా అచ్చట సాధారణముగ వీచు గాలికి ఎదురుగా, దాటు పందెము నొకదానిని హాస్లరు తలపెట్టెను. ఒంటరి నావికునికి పనికివచ్చు పడవలను, పనిముట్లను వృద్ధిచేయుటయే ఆ పందెపు ముఖ్యోద్దేశము. 1960 జూన్ 11వ తేదీన ప్లిమత్ రేవున పందెము మొదలయ్యెను. గమ్యము న్యూయార్కు. పాల్గొన్నవారు అయిదుగురు. ఫ్రాన్సిస్ చిచెస్టర్ తన 40 అడుగుల పెద్ద పడవలో 40 దినములకు ముందుగా చేరెను. హాస్లరు 48 దినములకు రెండవవాడుగ చేరెను. మూడవవాడైన డేవిడ్ లూయిసు పడవకు బయలుదేరిన కొలది గంటలకే స్తంభము పైభాగము విరిగిపోగా, మరల రేవుకు వచ్చి బాగుచేయించుకొని పోవలసివచ్చెను. అయినను 55 దినములలో చేరెను. మిగిలిన ఇద్దరును క్షేమముగనే చేరిరి. హాస్లరు ఆ 48 దినములలో చుక్కానికర్రను చేతపట్టిన కాలమంతయు కలిపి ఒక గంటయేయని ప్రసిద్ధి.

రెండవవాడుగ చేరుటను కొందరు ఓటమిగ చెప్పుదురు. పొడవైన పడవ స్వభావముచేతనే వేగముగ పోవును. 25 అడుగుల దానిని 40 అడుగుల దానితో పోల్చునప్పుడు ఎనిమిది దినముల తేడా పెద్దది కాదు. అట్లని గెలిచిన చిచెస్టర్ పనిని తక్కువ చేయరాదు. పెద్ద తెరచాపలను చేతబట్టి, వేళకాని వేళలలో బల్లలమీద పోరాడి అతడు గెలిచెను. ఇద్దరును సముద్రము దాటిరి. ఒకడు వేగమును కోరెను. ఒకడు ఒడుపును కోరెను.

చీనా తెరచాపకు దోషములు లేవని చెప్పుట సత్యము కాదు. గాలికి ఎదురుగా వంకరటింకరగా పోవలసినప్పుడు అది త్రికోణపు తెరచాపలంత చక్కగా సాగదు. మోకులు లేని స్తంభము మొదట మిక్కిలి లావుగాను, బల్లలగుండ పోవుచోట గట్టి పట్టుతోను ఉండవలెను. పైకర్రయు బద్దలును బరువు. ఆ బరువు ఎత్తునందుండును. ఎత్తుత్రాటికి పలుమడతల కప్పీలు వలయును గనుక త్రాటి పొడవు హెచ్చగును, దిద్దుత్రాడును అంతే. గుండ్రని ద్వారముక్రింద కుప్పపడు ఆ త్రాళ్ళను శుభ్రముగ చుట్టి పెట్టుకొననివాడు చీకటిలో తన కాళ్ళకే ముడివేసికొనును. బద్దలు స్తంభమును రాచుకొని అరుగును. గాలి తక్కువై అలలు మిగిలినప్పుడు ఆ బరువంతయు అటునిటు కొట్టుకొని చిరాకు పుట్టించును. పందెములలో గెలుపు కోరువారు ఇట్టి తెరచాపను ఏలకోరరో దీనినిబట్టి తెలియును.

ఇంకొకటి. తెరచాప ఎంత సులభముగ లొంగినను అల లొంగదు. 1968లో బిల్ కింగ్ అను జలాంతర్గామి నాయకుడు, యుద్ధానుభవము కలవాడు, 42 అడుగుల పడవకు చీనా తెరచాపలు రెండు పెట్టించి, ఒంటరిగా ఆగకుండ భూమిని చుట్టవలెనని బయలుదేరెను. ఆ పడవకును గుండ్రని ద్వారములే. దారిలో సముద్రముమీద పెద్ద అల దానిని బోర్లదోసెను. స్తంభము విరిగెను. ఆ క్షణమున అతడు లోపల నుండుటచే ప్రాణము దక్కెను. పడవను కేప్‌టౌనుకు చేర్చుకొని, తరువాతి యేండ్లలో మరల బయలుదేరి, 1973లో ఆ భూప్రదక్షిణమును ముగించెను. ఆ అలకు పాతరీతి పడవయైనను నిలిచియుండదు. అప్పుడు మనుష్యుడు స్తంభమునొద్ద కాక లోపల నుండుట మాత్రము తెరచాప ఏర్పాటును బట్టి యుండును.

జెస్టర్ కథ ఇంకను కొంత మిగిలియున్నది. 1964లో రెండవ పందెమునకు హాస్లరు మరల అందులోనే పోయి, ఈసారి న్యూపోర్టు గమ్యముగ 37 దినములలో అయిదవవాడుగ చేరెను. ఆ యేడే పడవను మైకేల్ రిచీ అను నౌకాయాన శాస్త్రజ్ఞునికి అమ్మెను. రిచీ పందెపు గెలుపును ఆశించినవాడు కాడు. నాలుగేండ్లకొకమారు వచ్చు ఆ పందెమున ప్రతిసారియు జెస్టర్‌ను నిలిపి, మిగిలిన యేండ్లలో తన యిష్టము వచ్చిన దిక్కునకు పోయెడివాడు. ఇతరుల పడవలు ఏటేట పొడుగై, వేగము హెచ్చుచుండగా ఇది మాత్రము 25 అడుగులుగనే యుండెను. 1960 నుండి 1988 వరకు జరిగిన ఎనిమిది పందెములలోను పాల్గొన్న పడవ ఇదియొక్కటియే.

1988 పందెమున, డెబ్బది యేండ్ల వయస్సున, రిచీ సముద్రమధ్యమున గొప్ప తుపానులో చిక్కుకొనెను. అల తాకి పడవ దెబ్బతినెను. దారినపోవు సరకుల ఓడవారు అతనిని ఎక్కించుకొనిరి; జెస్టర్ సముద్రము పాలయ్యెను. హాస్లరు దానిని చూడలేదు. అంతకుముందటి యేడు, 1987లోనే, అతడు మరణించియుండెను. జాక్ మెక్‌లౌడ్ అను స్నేహితునితో కలిసి చీనా తెరచాప నిర్మాణమును గూర్చి అతడు వ్రాసిన పెద్ద గ్రంథము 1988లో వెలువడెను. స్తంభము లావు, బద్దల పొడవు, కప్పీల సంఖ్య, త్రాళ్ళ దారులు, అన్నియు లెక్కలతోను పటములతోను అందులో నున్నవి. స్వయముగ పడవను దిద్దుకొనువారు నేటికిని దానినే ముందుంచుకొని పనిచేయుదురు.

జెస్టర్ మునిగిన పిమ్మట, దానిని ప్రేమించినవారు ధనము కూర్చి, అదే కొలతలతో, అదే రీతి ఒక్క తెరచాపతో, త్రాళ్ళన్నియు అదేవిధముగ గుండ్రని ద్వారమునొద్దకు వచ్చునట్లు మరియొక జెస్టర్‌ను కట్టించిరి. 1992 పందెమునకు రిచీ దానిలో బయలుదేరెను. అప్పటికాతని వయస్సు 74 ఏండ్లు.